అబద్ధం చెబితే జారిపోయే బెల్టు

సీవీటీ ఉన్న కారుని ట్యూన్ చేయిస్తానని ఎవరైనా అంటే చాలు, కార్ల గురించి కాస్తో కూస్తో తెలిసినవాళ్ళందరూ ఒకే మాట అంటారు: "గేరుబాక్సు చేతికొస్తుంది, జాగ్రత్త!" అని. ఎందుకొస్తుంది మహాప్రభో అని అడిగితే "అది బెల్టు కదండీ, తెగిపోదూ!" అంటారు. నా పేచీ అంతా ఆ "తెగిపోదూ" దగ్గరే. బెల్టు తెగడమనేది చాలాసార్లు కథలో ఆఖరి సీను. అంతకు ముందే అది జారడం మొదలుపెడుతుంది. తెగడం బలానికి సంబంధించిన సమస్య. జారడం చాలావరకు సమాచారానికి సంబంధించిన సమస్య. పొద్దున లేస్తే మనం కుస్తీ పట్టేది సమాచారంతోనే కదా, అందుకే ఈ బెల్టు చరిత్ర మనవాళ్ళకి చెప్పాలనిపించింది.

ముందు అసలు సీవీటీ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. మామూలు గేరుబాక్సులో నాలుగో అయిదో ఆరో పళ్ళచక్రాల జతలుంటాయి. సీవీటీలో అవేవీ ఉండవు. రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక బెల్టు, అంతే. ఒక్కో పుల్లీ రెండు శంకువులని ఎదురెదురుగా పెట్టినట్టు ఉంటుంది. శంకువులు దగ్గరకి జరిగితే బెల్టు అంచు వైపు పైకెక్కుతుంది, దూరం జరిగితే మధ్యలోకి దిగుతుంది. ఒక పుల్లీలో పైకెక్కుతుంటే రెండోదాంట్లో దిగుతుంది. దాంతో గేర్లు మార్చే పని లేకుండానే నిష్పత్తి మెత్తగా మారిపోతూ ఉంటుంది. ఇదేదో విదేశీ వింత అనుకోకండి. 1984లో మన దేశంలో వచ్చిన కైనెటిక్ హోండాలో ఉన్నది ఇదే. ఆ తర్వాత స్కూటీ, యాక్టివా... మన ఇళ్ళల్లో అమ్మలూ, అక్కలూ, చెల్లెళ్ళూ "గేర్లు లేని బండి" అని నడిపినవన్నీ సీవీటీలే.

కార్లలోకి దీన్ని ఆడుతూ పాడుతూ తీసుకొచ్చిన ఘనత మాత్రం హబ్ వాన్ డోర్న్ అనే డచ్చి ఆయనది. ఈయన 1900లో అమెరికాలో పుట్టాడు. కంగారు పడకండి, నెదర్లాండ్స్‌లోనే అమెరికా అనే ఒక చిన్న ఊరుంది, అక్కడ. 1928లో ఐండ్‌హోవెన్‌లో చిన్న వర్క్‌షాపు పెట్టాడు. అది పెరిగి ట్రైలర్లూ, లారీలూ చేసే డాఫ్ కంపెనీ అయ్యింది. 1958 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ షోలో డాఫ్ 600 అనే చిన్న కారుని జనం ముందు పెట్టారు. 590 సీసీ ఇంజిన్, 22 హార్స్‌పవర్. అందులోని గేరుబాక్సు పేరు వేరియోమాటిక్. డ్రైవరు పని ముందుకా, వెనక్కా అని ఒక పుల్లని కదపడమే. తర్వాత యాక్సిలరేటర్ తొక్కడం, బ్రేకు తొక్కడం.

వేరియోమాటిక్ లోపల కంప్యూటర్ లేదు, ఆయిల్ పంపు కూడా లేదు. రబ్బరు బెల్టులు రెండు, వెనక చక్రానికి ఒకటి చొప్పున. ఇంజిన్ వేగం పెరిగితే అపకేంద్ర బలంతో బయటికి విచ్చుకునే బరువులు శంకువులని నెట్టేవి. దానికి తోడు ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టంలో ఏర్పడే వాక్యూమ్‌ని ఒక ట్యూబు ద్వారా పుల్లీ దగ్గరకి తీసుకొచ్చారు. రెండో వైపు పుల్లీని స్ప్రింగు నొక్కి పట్టేది. బెల్టు ఏ నిష్పత్తిలో ఉండాలి, ఎంత బిగువుగా ఉండాలి అనే రెండు నిర్ణయాలూ ఈ బరువులూ, వాక్యూమూ, స్ప్రింగూ కలిసి కుస్తీ పడి తేల్చేవి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. డ్రైవరు గట్టిగా తొక్కితే వాక్యూమ్ పడిపోతుంది. కాలు తీస్తే పెరుగుతుంది. అంటే ఇంజిన్ ఎంత కష్టపడుతోందన్న సంగతి పుల్లీకి తెలియడానికి మధ్యవర్తి ఎవరూ లేరు. ఇంజిన్ ఊపిరే ఆ కబురు. ఎవరో రాసిన అంకె కాదు, స్వయంగా జరిగే సంగతి. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

రెండో సుగుణం ఏమిటంటే, బెల్టు రబ్బరుది. జారితే చప్పుడు చేస్తుంది, వేడెక్కుతుంది, వాసనొస్తుంది. అరిగిపోతే మార్చుకోవచ్చు. పుల్లీ మాత్రం బాగానే ఉంటుంది. అంటే మొత్తం గేరుబాక్సులో అన్నిటికన్నా చవకైన ముక్కే అందరికన్నా ముందు చస్తుంది. ఇంట్లో ఫ్యూజు వైరు చేసే పని అదే కదా.

డచ్చివాళ్ళు మాత్రం ఈ కారుని బాగా ఏడిపించారు. మేజోళ్ళు జారకుండా కట్టుకునే సాగేపట్టీతో నడిచే బండి అన్నారు, ముసలివాళ్ళ బండి అన్నారు. పైగా దీని నిష్పత్తి ముందుకైనా వెనక్కైనా ఒకటే కాబట్టి ముందుకి ఎంత వేగంగా పోతుందో వెనక్కీ అంతే వేగంగా పోగలదు. 1980లలో డచ్చి టీవీలో ఈ పాత డాఫ్ కార్లతో వెనక్కి నడిపే రేసులు పెట్టి జనం కడుపుబ్బ నవ్వుకున్నారు.

ఈ చెడ్డపేరు పోగొట్టుకోవడానికే డాఫ్ రేసుల్లోకి దిగింది. ట్యూన్ చేసిన సీవీటీ బండి చరిత్ర మొదలయ్యేది ఇక్కడే. 1960ల మధ్యలో ఫార్ములా 3 కార్లకి వేరియోమాటిక్ బిగించి పోటీకి పంపారు. అప్పటి ఫార్ములా 3 ఇంజిన్లు వెయ్యి సీసీవి. చాలా ఎక్కువ చుట్ల దగ్గర మాత్రమే పవరు ఇచ్చేవి, కింద ప్రాణం ఉండేది కాదు. అలాంటి ఇంజిన్‌ని ఎప్పుడూ దానికి నచ్చిన చుట్ల దగ్గరే ఉంచే గేరుబాక్సు దొరకడం ఎంత సుఖమో ఆలోచించండి. 1968లో లండన్-సిడ్నీ మారథాన్‌కి రెండు డాఫ్ 55లు వెళ్ళాయి. ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్, ఢిల్లీ మీదుగా బొంబాయి దాకా వచ్చి, అక్కడ ఓడెక్కి ఆస్ట్రేలియాలో దిగే దారి అది. రబ్బరు బెల్టు కారు ఒకటి ఆ దారంతా దాటి 17వ స్థానంలో సిడ్నీ చేరింది. 1971లో యాన్ డి రోయ్ నాలుగు చక్రాలకీ పవరు వెళ్ళే డాఫ్‌ని, ఫోర్డ్ రేసు ఇంజిన్ పెట్టి, వేరియోమాటిక్‌తోనే ర్యాలీక్రాస్‌లో నడిపాడు. రాళ్ళూ, బురదా, గెంతులూ ఉండే పోటీ అది.

22 హార్స్‌పవర్‌తో పుట్టిన ఏర్పాటు అంత దూరం ఎలా వెళ్ళగలిగింది? బెల్టు వినియోగ వస్తువు కాబట్టి. రేసు టీముకి బెల్టు అంటే టైరు లాంటిదే. అరిగితే మార్చేస్తారు, దానికి బాధపడరు. రోడ్డు మీద తిరిగే మనలాంటివాళ్ళకి ఆ సౌకర్యం ఆ తర్వాత లేకుండా పోయింది. ఎలాగో చూద్దాం.

రబ్బరు బెల్టుకి ఒక హద్దుంది. పెద్ద ఇంజిన్ పెట్టాలంటే బెల్టు వెడల్పు పెంచాలి, అప్పుడు అది కారు కింద పట్టదు. వాన్ డోర్న్ ఇంకో దారి వెతికాడు. 1972లో వాన్ డోర్న్ ట్రాన్స్‌మిసీ అనే విడి సంస్థ పెట్టి ఉక్కు బెల్టు మీద పని మొదలుపెట్టారు. మరోపక్క డాఫ్ కార్ల వ్యాపారం 1975కల్లా వోల్వో చేతిలోకి వెళ్ళిపోయింది. 1979లో వాన్ డోర్న్ పోయాడు. ఆయన ఉక్కు బెల్టు మార్కెట్‌లో అమ్మకానికొచ్చిన కారులో కనిపించింది 1987లో, సుబారు జస్టీ అనే చిన్న కారులో. ఆ వెంటనే ఫియట్ ఉనో, ఫోర్డ్ ఫియెస్టాల్లో వచ్చింది. ఆ డచ్చి సంస్థని 1995లో బాష్ కొనుక్కుంది.

ఈ ఉక్కు బెల్టు ఒక చిత్రమైన వస్తువు. దాదాపు 400 పల్చటి ఉక్కు రేకులని పేకముక్కల్లా పక్కపక్కన పేర్చి, రెండు వైపులా సన్నటి ఉక్కు పట్టీల దొంతరతో దండలా కట్టి ఉంచుతారు. మామూలు బెల్టు లాగుతుంది. ఇది తోస్తుంది! ఘాట్ ఎక్కుతున్న గూడ్స్ రైలుని వెనకనుంచి బ్యాంకర్ ఇంజిన్ తోసినట్టు, ఒక రేకు ఇంకో రేకుని తోసుకుంటూ పోతుంది.

ఇంకా చిత్రం ఏమిటంటే ఇదంతా నూనెలో మునిగి పనిచేస్తుంది. ఉక్కు మీద ఉక్కు, మధ్యలో నూనె. నూనె ఉంటే జారాలి కదా? అవును, జారాలనే చూస్తుంది. ఇక్కడ ఘర్షణ గుణకం సుమారు 0.09. పట్టు రావాలంటే ఒకటే మార్గం, శంకువులని విపరీతమైన బలంతో నొక్కి పట్టడం. ఎంత బలమో చిన్న లెక్క వేద్దాం, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం లెక్కే.

ఇంజిన్ తిప్పే బలం, అంటే టార్కు, 150 న్యూటన్ మీటర్లనుకుందాం. బండి కదిలేటప్పుడు ఇంజిన్ వైపు పుల్లీలో బెల్టు బాగా లోపలికి దిగి ఉంటుంది, వ్యాసార్ధం 3.5 సెంటీమీటర్లనుకుందాం. శంకువు వాలు 11 డిగ్రీలు. జారకుండా ఉండాలంటే దాదాపు 2.4 టన్నుల బరువుకి సమానమైన బలంతో నొక్కాలి. దాని మీద భద్రత కోసం 30 శాతం కలిపితే 3.1 టన్నులు. ఆ చిన్న పుల్లీని రెండు ఎస్‌యూవీలు ఎక్కి తొక్కుతున్నట్టన్న మాట. ఈ బలమంతా నూనె పీడనం నుంచే రావాలి. కారు టైరులో గాలి రెండు బార్ల పైచిలుకు ఉంటే, ఇక్కడ నూనె పీడనం యాభై అరవై బార్ల దాకా వెళ్ళగలదు.

"అయితే ఎప్పుడూ ఫుల్లుగా నొక్కి పట్టుకుంటే పోలా?" అని అడగొచ్చు. పోతుంది, మైలేజీ పోతుంది. ఆ పంపుని తిప్పేది ఇంజినే కదా. పైగా ఉక్కు పట్టీల మీద అనవసరపు ఒత్తిడి పడి అవి అలసిపోతాయి. కాబట్టి ఎంత కావాలో అంతే, దాని మీద కొంచెం ఎక్కువ నొక్కాలి. ఆ "ఎంత కావాలో" అన్నది ఎవరు చెబుతారు?

ఇప్పటి కార్లలో ఇంజిన్‌కో కంప్యూటరు, గేరుబాక్సుకో కంప్యూటరు. మొదటిది ఈసీయూ, రెండోది టీసీయూ. లోపలికి వెళ్తున్న గాలి ఎంత, పెట్రోలు ఎంత, స్పార్కు ఎప్పుడు అనే వివరాలతో ఈసీయూ తన టార్కుని అంచనా వేస్తుంది. ఆ అంకెని క్యాన్ బస్ మీద పంపుతుంది. టీసీయూ దాన్ని చదివి, నిష్పత్తి చూసుకుని, నూనె పీడనం నిర్ణయిస్తుంది. టీసీయూ దగ్గర సాధారణంగా టార్కుని కొలిచే సాధనం లేదు. ఎదుటివాడు పంపిన అంకెని నమ్మడమే. వాన్ డోర్న్ కాలంలో గొట్టంలోంచి వచ్చిన ఊపిరి స్థానంలో ఇప్పుడొక మెసేజి వచ్చింది.

ఇంకో తిరకాసు ఉంది. మామూలు గేరుబాక్సులో క్లచ్ జారితే పట్టుకోవడం సులువు. మూడో గేరు నిష్పత్తి ఇంత అని తెలుసు, లోపలికొచ్చే చుట్లూ బయటికెళ్ళే చుట్లూ ఆ నిష్పత్తిలో లేకపోతే ఏదో జారుతోందన్న మాట. సీవీటీలో నిష్పత్తే నిలకడగా ఉండదు. బెల్టు కాస్త జారినా, నిష్పత్తి కాస్త మారినా బయటికి ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి జారాక పట్టుకోవడం కన్నా జారకుండా చూసుకోవడం మీదే వ్యవస్థ మొత్తం ఆధారపడింది. ఆ అంకె తప్పయితే అడ్డుకునే రెండో కాపలాదారు బలహీనుడే.

జారితే ఏమవుతుంది? రబ్బరు బెల్టులా వాసనొచ్చి ఊరుకోదు. రేకు అంచు పుల్లీ ముఖం మీద గీత పెడుతుంది. అద్దంలా నునుపుగా ఉండాల్సిన ముఖం గరుకవుతుంది. ఆ పొడి నూనెలో కలిసి వాల్వుల్లోకి వెళ్తుంది. వాల్వులు సరిగా ఆడకపోతే పీడనం తగ్గుతుంది, తగ్గితే ఇంకా జారుతుంది. అప్పుడు చవకైన ముక్క చచ్చి ఖరీదైనదాన్ని కాపాడటమనే పాత ధర్మం తలకిందులైపోయింది.

ఈ నేపథ్యంలో 1993 నాటి సంగతి చూస్తే భలే ముచ్చటేస్తుంది. ఆ ఏడాది విలియమ్స్ జట్టు తన ఫార్ములా 1 కారు ఎఫ్‌డబ్ల్యూ15సీలో ఉక్కు బెల్టు సీవీటీ పెట్టి పరీక్షించింది. వేల్స్‌లోని పెంబ్రే ట్రాక్ మీద డేవిడ్ కూల్తార్డ్ నడిపాడు. వెనక 700 హార్స్‌పవర్‌కి పైగా ఇచ్చే రెనో వీ10. ఆ వీడియోలు ఇప్పటికీ దొరుకుతాయి, వినండి. మలుపుల్లో కారు నెమ్మదిస్తున్నా ఇంజిన్ గొంతు మాత్రం తగ్గదు, ఒకటే శ్రుతి. అది పోటీకి దిగకముందే, 1994 నుంచి కార్లకి విడివిడి గేర్లు ఉండి తీరాలన్న నిబంధన వచ్చి దాని కథ ముగిసింది.

చిన్న కార్ల బెల్టు అంత పవరుని ఎలా తట్టుకుంది? జవాబు పవరులోనే ఉంది. పవరు అంటే టార్కుని చుట్లతో గుణించడం. 3.5 లీటర్ల ఆ ఇంజిన్ నిమిషానికి 13 వేలకి పైగా చుట్లు తిరిగి అంత పవరు ఇచ్చింది, టార్కుని కొండలా పెంచి కాదు. బెల్టుకి పట్టింపు ఉన్నది టార్కుతోనే. ఎక్కువ చుట్ల దగ్గర తక్కువ బలంతో వచ్చే పవరు బెల్టుకి పెద్ద బరువు కాదు. ట్యూనింగు చేయించుకునేవాళ్ళు గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన మాట ఇది.

కానీ రోడ్డు మీద జరిగింది దీనికి రివర్సు. 2000 తర్వాత కంపెనీలు సీవీటీని పెద్ద కార్లకి తీసుకెళ్ళాయి. అందరికీ కలిసి రాలేదు. జనరల్ మోటార్స్ సాటర్న్ వ్యూలో 2002లో పెట్టి కొన్నేళ్ళకే తీసేసింది. ఫోర్డ్ ఫైవ్ హండ్రెడ్, ఫ్రీస్టైల్ కార్లలో 2005 మోడల్ నుంచి 2007 దాకా ఉంచి మామూలు ఆటోమాటిక్‌కి మారిపోయింది. ఆడీ మల్టీట్రానిక్ 2014తో ఆగింది. నిస్సాన్ అమెరికాలో 2003-2010 మోడళ్ళ సీవీటీలకి వారంటీని 10 ఏళ్ళు లేదా 1,20,000 మైళ్ళకి పెంచాల్సి వచ్చింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో సెకండ్ హాండ్ ఆల్టిమా కొనబోయి "సీవీటీ చూసుకో బాబూ" అనిపించుకున్న మనవాళ్ళకి ఈ కథ కొత్త కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాటి పరిస్థితే ఇలా ఉంటే, దాని మీద మనం చేయి పెడితే?

కంపెనీలు ఈ హద్దుని ఎలా గౌరవించాయో చూస్తే విషయం తెలుస్తుంది. 2020 చివర్లో మన దేశంలో వచ్చిన నిస్సాన్ మాగ్నైట్ టర్బో మాన్యువల్‌లో టార్కు 160 న్యూటన్ మీటర్లు. అదే ఇంజిన్ సీవీటీతో వస్తే 152. అమెరికాలో 2017 హోండా సివిక్ హాచ్‌బ్యాక్ స్పోర్ట్ మాన్యువల్‌లో దాదాపు 240, సీవీటీలో 220. ఇంజిన్‌కి చేతకాక కాదు, గేరుబాక్సు కోసం నోరు కట్టేశారు. అదే ఏడాది వచ్చిన సివిక్ ఎస్ఐకి 260 ఇచ్చారు, దానికి అసలు సీవీటీయే ఇవ్వలేదు.

ఇంకో వైపు సుబారు ఉంది. 2014లో జపాన్‌లో అమ్మిన డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్4కి మాన్యువల్ లేదు, ఒక్క సీవీటీయే. 300 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్లు. అందులో తోసే బెల్టు బదులు లాగే ఉక్కు చైను ఉంటుంది, కానీ సూత్రం ఒకటే: శంకువులు, నూనె, నొక్కే బలం. కాబట్టి "సీవీటీ పెద్ద ఇంజిన్‌ని మోయలేదు" అనడం తప్పు. ఇంజినూ, గేరుబాక్సూ, వాటి మధ్య మాటలూ కలిపి ఒకేసారి తయారు చేస్తే మోస్తుంది. విడివిడిగా కెలికితేనే మొయ్యదు.

ఇప్పుడు ఆ చిన్న పెట్టెల దగ్గరకి వద్దాం. "అరగంటలో బిగిస్తాం, 30 శాతం పవరు, సర్వీసుకి వెళ్ళేటప్పుడు పీకేయొచ్చు" అని అమ్మే ట్యూనింగ్ బాక్సులు. టర్బో కార్లలో అది గాలి పీడనం కొలిచే సెన్సరుకీ, ఈసీయూకీ మధ్యలో కూర్చుంటుంది. సెన్సరు చెప్పిన పీడనాన్ని కాస్త తగ్గించి ఈసీయూకి చెబుతుంది. "అరే, పీడనం తక్కువుందే" అనుకుని ఈసీయూ టర్బోని ఇంకాస్త నొక్కుతుంది. కారు పరిగెడుతుంది, మనం సంబరపడతాం. కానీ ఈసీయూ దృష్టిలో టార్కు పెరగలేదు! పాత అంకెనే టీసీయూకి పంపుతుంది. పైన వేసిన లెక్కలోకి వెళ్తే, 150 అనుకుని గేరుబాక్సు 3.1 టన్నులు నొక్కింది. నిజంగా వచ్చింది 200 అయితే జారకుండా ఉండటానికే 3.2 కావాలి. అయిపోయింది కథ. పెట్టె చెప్పిన చిన్న అబద్ధం రెండు చేతులు మారి బెల్టు దగ్గర బయటపడింది.

మా ఆఫీసులో ఒకతనికి ఇదే జరిగింది. పేర్లొద్దు లెండి, కారుదీ, షాపుదీ కూడా. పెట్టె పెట్టించుకున్నాడు. ఎనిమిది నెలలు హాయిగా తిరిగాడు. తర్వాత ఒకరోజు ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి కదలదు. సర్వీసు సెంటర్‌కి వెళ్ళేముందు పెట్టె పీకేశాడు. కానీ నూనెలో ఉక్కు పొడిని పీకలేడు కదా. వారంటీ కుదరదన్నారు, కొత్త గేరుబాక్సు ఖరీదు విని కారే అమ్మేశాడు. ఎనిమిది నెలలు బానే నడిచిందన్నదే అతని వాదన ఇప్పటికీ. నడిచింది ఎలా? 30 శాతం భద్రతని తింటూ నడిచింది. ఎండాకాలంలో చెరువు శిఖం భూమి ఖాళీ ప్లాటులాగే కనిపిస్తుంది. ఇల్లు కట్టుకున్నా ఒకటి రెండేళ్ళు ఏమీ కాదు. గట్టి వాన పడిన రోజున చెరువు తన చోటుకి తను వస్తుంది. బెల్టు మీద ఉంచిన ఆ 30 శాతం కూడా అలాంటిదే. నూనె పాతబడిన రోజు కోసం, వేడెక్కిన రోజు కోసం, గుంతలో చక్రం పడి ఎదురు దెబ్బ కొట్టే రోజు కోసం పెట్టింది. మనకోసం మిగిల్చి పెట్టింది కాదు.

మరి సీవీటీ కారుని ట్యూన్ చేయకూడదా? చేయొచ్చనే నేనంటాను. కాకపోతే ఈ చరిత్ర నేర్పిన నాలుగు సంగతులు పాటించాలి.

ఒకటి, పెట్టెలు వద్దు. ఈసీయూ లోపలి టార్కు లెక్క నిజమయ్యేలా ప్రోగ్రాం మార్చేవాళ్ళ దగ్గరకే వెళ్ళాలి. టీసీయూ "కాస్త తగ్గు" అని అడిగినప్పుడు ఇంజిన్ తగ్గే ఏర్పాటుని ఎవరైనా తీసేస్తానంటే ఒక నమస్కారం పెట్టి వచ్చేయండి. ట్యూన్ చేసేవాడు మంచివాడో కాదో తెలుసుకోవడానికి నా దగ్గర ఒకటే పరీక్ష: అతను ఇంజిన్ లాగ్‌లే అడుగుతున్నాడా, గేరుబాక్సు లాగ్‌లు కూడా అడుగుతున్నాడా?

రెండు, కింద టార్కు జోలికి వెళ్ళకుండా పైన పవరు పెంచుకోవాలి. బండి కదిలేటప్పుడు బెల్టు లోపలి వైపున, చిన్న వ్యాసార్ధం మీద ఉంటుంది, దానికి అన్నిటికన్నా కష్టమైన చోటు అదే. టొయోటా 2018లో తెచ్చిన సీవీటీలో బండి కదలడానికి విడిగా ఒక పళ్ళచక్రాల గేరు పెట్టింది కూడా బెల్టుని ఆ కష్టం నుంచి తప్పించడానికే. సీవీటీకి ఎలాగూ ఇంజిన్‌ని ఎక్కువ చుట్ల దగ్గర నిలిపి ఉంచే విద్య వచ్చు. విలియమ్స్ వాడుకున్నది అదే, మనమూ వాడుకుందాం.

మూడు, కుదుపులు తగ్గించాలి. బ్రేకు తొక్కి పట్టి యాక్సిలరేటర్ తొక్కి సిగ్నల్ దగ్గర లేపే సరదా సీవీటీకి పనికిరాదు. తడి రోడ్డు మీద చక్రం గిర్రున తిరిగి ఒక్కసారిగా పట్టు దొరికితే, ఆ దెబ్బ రోడ్డు వైపు నుంచి బెల్టుకి తగులుతుంది. అది ఏ ఈసీయూ లెక్కలోనూ ముందుగా ఉండదు.

నాలుగు, నూనె. మామూలు ఆటోమాటిక్ నూనెకీ దీనికీ పోలిక లేదు. అరుగుదలని ఆపుతూనే ఉక్కుకీ ఉక్కుకీ మధ్య పట్టు నిలపాలి, అదీ దీని ప్రత్యేకత. ఆ 0.09 అనే అంకె ఉండేది సీసాలోనే. అందుకే హోండా తన నూనె వాడమంటుంది, నిస్సాన్ తనది వాడమంటుంది. ట్యూన్ చేసిన కారుకి వేడి ఎక్కువ కాబట్టి నూనె త్వరగా మార్చాలి, వీలైతే అదనపు కూలర్ పెట్టించాలి. వేడెక్కినప్పుడు కారు దానంతటదే పవరు తగ్గించేస్తే తిట్టుకోకండి. అది చెడిపోవడం కాదు, తనని తను కాపాడుకోవడం.

ఇన్ని చేసినా చివరికి మిగిలేది ఒకటే. వాన్ డోర్న్ బెల్టు రబ్బరుదైనా అన్నాళ్ళు నిలబడింది, ఎందుకంటే దానికి అబద్ధం చెప్పే దారే లేదు. ఉక్కు బెల్టు దానికన్నా ఎన్నో రెట్లు బలమైనది, కానీ అది ఒక అంకెని నమ్ముకుని బతుకుతుంది. ఆ అంకెని కాపాడితే బెల్టు తనని తను కాపాడుకుంటుంది. "పై లేయర్ నుంచి వచ్చిన డేటా కరెక్టే అయ్యుంటుందిలే" అనుకుని రాసిన కోడు ఏ రాత్రి రెండింటికి ఫోను మోగిస్తుందో మనకి తెలియనిదా!

సీవీటీ కారుని ట్యూన్ చేయించి లక్ష కిలోమీటర్లు దాటించినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి. ఎంత పవరు పెంచారన్నది నాకక్కర్లేదు. గేరుబాక్సుకి నిజం చెప్పారా లేదా, అదొక్కటి చెబితే చాలు.